యుగంధర్ రాని కథలు

ఇవాళ నువార్ నవలల గురించి. కొత్తగా చదవాలనుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్తాను.

నువార్ అంటే ఫ్రెంచిలో నలుపు. 1945లో పారిస్‌లో గాలిమార్ ప్రచురణ సంస్థ 'సెరీ నువార్' అని ఒక క్రైమ్ నవలల వరస మొదలుపెట్టింది. అమెరికన్ నవలల అనువాదాలు అందులో చాలా వచ్చాయి.

మనలో చాలామందికి క్రైమ్ అంటే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్. హత్య జరుగుతుంది, యుగంధర్ వస్తాడు, హంతకుడు దొరుకుతాడు, మనం హాయిగా నిద్రపోతాం. నువార్‌లో యుగంధర్ రాడండీ. చాలాసార్లు కథ చెప్పేవాడే హంతకుడు. పైగా వాడి మాటలు వింటూ వింటూ, వీడు దొరక్కుండా ఉంటే బావుణ్ణు అని మనకే అనిపిస్తుంది. అసలు ఇబ్బంది అక్కడుంది.

జేమ్స్ ఎమ్. కెయిన్ 'ది పోస్ట్‌మాన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్' తో మొదలుపెట్టండి. 1934లో వచ్చింది, చాలా చిన్న నవల. కాలిఫోర్నియాలో రోడ్డు పక్కన ఒక చిన్న హోటల్. ఓనరు నిక్, అతని భార్య కోరా. ఊళ్లు పట్టుకు తిరిగే ఫ్రాంక్ అక్కడ పనికి కుదురుతాడు. నిక్‌ని చంపేద్దాం అని ఫ్రాంక్, కోరా అనుకుంటారు. (పోస్ట్‌మాన్ కోసం వెతక్కండి, పుస్తకంలో ఆయన లేడు!)

నాకు హత్య కన్నా దాని తర్వాత వచ్చే భాగం భయం వేసింది. కేసు తేలేది సాక్ష్యాలతో కాదు, ఇన్సూరెన్స్ కంపెనీల మధ్య ఒక లాయరు కుదిర్చిన బేరంతో. చచ్చిపోయిన నిక్ గురించి అక్కడ ఎవరికీ పట్టదు. వాళ్ల లెక్కంతా ఎవరికి ఎంత నష్టం అనే. ఆ బేరం అయ్యాక ప్రేమికులిద్దరూ ఒకరినొకరు ఎలా చూసుకుంటారో, అదీ నవల. ఫ్రాంక్ ఈ కథంతా ఎక్కడుండి చెప్తున్నాడో చివర్లో తెలుస్తుంది. అది నేను చెప్పను.

అయితే కెయిన్ దగ్గరే ఆగిపోతే, నువార్ అంటే మగాణ్ణి చెడగొట్టే ఆడదాని కథ అనే అభిప్రాయం మిగిలిపోతుంది. అందుకని వెంటనే డొరొతీ బి. హ్యూస్ 'ఇన్ ఎ లోన్లీ ప్లేస్' చదవండి. 1947 నాటిది. యుద్ధంలో పైలట్‌గా పనిచేసి వచ్చిన డిక్స్ స్టీల్ లాస్ ఏంజెలెస్‌లో రాత్రిళ్లు ఒంటరి ఆడవాళ్ల వెంట పడుతుంటాడు. అతని పాత స్నేహితుడు అదే ఊళ్లో పోలీస్ డిటెక్టివ్. మనం మొత్తం డిక్స్ బుర్రలోనే ఉంటాం, కానీ హత్యలు మాత్రం కంటికి కనపడవు. అతని అసలు రంగు పసిగట్టేది ఇద్దరు ఆడవాళ్లు. ఈ రెండిట్లో నా ఓటు దీనికే.

1950లో హంఫ్రీ బోగార్ట్‌తో సినిమా తీశారు. మంచి సినిమానే, కానీ కథని ఎంత మార్చారంటే అది వేరే మనిషి కథ అయిపోయింది. పుస్తకం పూర్తయ్యాకే చూడండి. ఉంటాను.