పెద్ద క్లబ్బు కుర్రాళ్లు, చిన్న క్లబ్బు మైదానం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నాకు తెలిసిన ఆట ఫుట్‌బాల్ ఒక్కటే. అందులో నన్ను చాలాకాలంగా తొలుస్తున్న సంగతి ఒకటుంది. పెద్ద క్లబ్బులు తమ కుర్రాళ్లతో రెండో జట్టు కట్టి, కింది డివిజన్ లీగుల్లోకి దింపుతుంటాయి. ఇది మంచిదేనా?

ముందు మంచి చెప్పుకుందాం. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఎంతసేపూ తన ఈడు వాళ్లతోనే ఆడితే ఒక హద్దు దాకానే ఎదుగుతాడు. ముప్ఫై ఏళ్ల డిఫెండర్ భుజం తగిలితేనే ఆట అర్థమవుతుంది. రేంజిలో ఎంత బాగా కాల్చినా ఫీల్డుకెళ్లాకే కదా జవాను తయారయ్యేది! హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ సైన్యంలో చేరి, ఇరవై ఏళ్ల ప్రాయంలోనే మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ గోల్‌పోస్టు ముందు నిలబడ్డాడు. ఆ జట్టు 1955లోనూ, 1958లోనూ డ్యూరాండ్ కప్పు గెలిచింది. ఆయనకు ఎదురొచ్చినవాళ్లు పిల్లలు కాదు, దేశంలోని పెద్ద జట్ల ఆటగాళ్లు.

స్పెయిన్ వాళ్లు ఈ పద్ధతిని ఎప్పటినుంచో నడుపుతున్నారు. రియల్ మాడ్రిడ్ రెండో జట్టు పేరు కాస్తియా. 1980లో ఈ కుర్రాళ్లు నాలుగు మొదటి డివిజన్ జట్లను ఓడించి స్పెయిన్ కప్పు ఫైనల్‌కు వచ్చారు. ఎదురుగా ఎవరు? సొంత పెద్దన్నలే! 6–1తో ఓడిపోయారు. 1984లో అదే కాస్తియా రెండో డివిజన్ మొత్తం గెలిచింది. అయినా పైకి పోలేదు. ఒకే క్లబ్బుకు చెందిన రెండు జట్లు ఒకే డివిజన్‌లో ఉండకూడదని అక్కడి నియమం. పెద్ద జట్టు కిందికి దిగితే చిన్న జట్టు ఇంకా కిందికి దిగాల్సిందే. 1990 తర్వాత రెండో జట్లను కప్పు పోటీలోకి రానివ్వడం కూడా మానేశారు. అయితే ఒక్కమాట. లీగులో ఓడితే కాస్తియా కూడా కిందికి దిగుతుంది. ఆ భయం అందరితోపాటు వాళ్లకూ ఉంది.

ఇంగ్లండ్‌లో కథ వేరు. పెద్ద క్లబ్బుల రెండో జట్లను లీగులోకి తెద్దామని 2014లో ప్రతిపాదన వస్తే చిన్న క్లబ్బుల అభిమానులు ఒప్పుకోలేదు. 2016లో కింది డివిజన్ల కప్పు పోటీలోకి మాత్రం 16 అకాడమీ జట్లను తెచ్చారు. అభిమానులు మ్యాచ్‌లను బహిష్కరించారు. విచిత్రం ఏమిటంటే, ఆ పోటీలో బలహీనమైన జట్టును దింపారని లూటన్, పోర్ట్స్‌మత్ క్లబ్బులకు చెరి 15 వేల పౌండ్లు జరిమానా వేశారు. పెద్దవాళ్ల పిల్లలు ఆడొచ్చు, చిన్నవాళ్లు తమ పిల్లల్ని దింపితే తప్పు! ఇదేం న్యాయం? అదే పోటీ ఫైనల్‌కు 2017 ఏప్రిల్‌లో కొవెంట్రీ, ఆక్స్‌ఫర్డ్ జట్లు వస్తే 74 వేల మంది చూడటానికి వచ్చారు. జనానికి కావలసింది తమ ఊరి జట్టు.

మన దేశంలోనూ చూశాం. కుర్రాళ్ల కోసం ఫెడరేషన్ ఇండియన్ ఆరోస్ జట్టును ఐ-లీగులో ఆడించింది. 2017–18లో ఆ జట్టు అట్టడుగున నిలిచింది, కానీ దానికి కిందికి దిగకుండా మినహాయింపు ఉంది. ఆ వేటు పైనున్న చర్చిల్ బ్రదర్స్ మీద పడింది. తర్వాత ఆ క్లబ్బును మళ్లీ కొనసాగనిచ్చారనుకోండి. ఆరోస్ కుర్రాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. వాళ్లు ప్రాణం పెట్టి ఆడారు. లోపమల్లా నియమంలో ఉంది.

ఇక నా సంగతి. డెబ్బయ్యో దశకం చివర్లో మధ్యప్రదేశ్‌లో ఒక కంటోన్మెంటు పట్టణంలో ఉన్నాను. మా సెంటర్ పేరు చెప్పను. మా మొదటి జట్టు ఊరి లీగులో పై డివిజన్. మా కుర్రాళ్లది రెండో జట్టు, కింది డివిజన్. మాకు పొద్దున్నే పి.టి., సాయంత్రం ప్రాక్టీసు, లంగరులో పాలు, గుడ్లు. ఎదుటివాళ్లు బజారు కుర్రాళ్లు. పగలంతా దుకాణాల్లో పనిచేసి, చెల్లాచెదురు బూట్లతో వచ్చేవాళ్లు. వాళ్ల కెప్టెన్‌ది సైకిల్ రిపేరు షాపు. సీజన్ ఆఖరి మ్యాచ్‌లో వాళ్లను 4–0తో కొట్టాం. రెండు గోల్స్ నావే. ఆ ఓటమితో వాళ్లు డివిజన్‌లోంచి పడిపోయారు. ఆయన నాతో చెయ్యి కలిపి హిందీలో అన్నాడు, “తమ్ముడూ, మీకిది ట్రైనింగు. మాకున్నదే ఇది.”

నేను నవ్వి ఊరుకున్నాను. మరుసటి ఏడాది మాకు పోస్టింగులు వచ్చాయి, రెండో జట్టు లీగులో పేరే ఇవ్వలేదు. ఎవరి చోటు తీసుకున్నామో ఆ చోటు ఖాళీగా పడి ఉంది. ఆ సైకిల్ షాపు జట్టు మళ్లీ కనబడలేదు.

తర్వాత యూనిట్ జట్టు నా చేతికొచ్చింది. సి.ఓ. సాబ్ రెండో జట్టు పెడదామన్నారు. “సాబ్, వద్దు. ముగ్గురు కుర్రాళ్లను ఊరి క్లబ్బుకు ఇద్దాం” అన్నాను. మన భాషలో చెప్పాలంటే అటాచ్‌మెంటు. ఆయన కాసేపు ఆలోచించి సరే అన్నారు. కుర్రాళ్లు పెద్దవాళ్ల మధ్య ఆట నేర్చుకున్నారు, ఊరి క్లబ్బుకు బలం చేకూరింది. ఎవరి చోటూ పోలేదు.

విశాఖలో, సికింద్రాబాద్‌లో, మీ మీ ఊళ్లలో చాలామంది జట్లు, లీగులు నడుపుతున్నారు. రేపు ఏదైనా పెద్ద అకాడమీ వచ్చి మా కుర్రాళ్లను మీ లీగులో ఆడించండి అంటే తలుపు మూయకండి. మూడు మాటలు మాత్రం అడగండి. ఓడితే మీరూ కిందికి దిగుతారా? వచ్చే ఏడాది కూడా ఉంటారా? లేదా కుర్రాళ్లను మా జట్లకే ఇస్తారా? దేనికీ అవునని జవాబు రాకపోతే, పాయింట్ల పట్టికలో చేర్చకుండా స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడించండి.

ఆ రోజు ఆయనకు చెప్పాల్సిన జవాబు నాకు తోచలేదు. ఇన్నేళ్లకు మీ ముందు చెప్పుకున్నాను. 

జై హింద్!