కలుపు క్రింది మడులు: దినమున కొక అరగంట

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతియందు చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీ యెదుట మేము పెద్ద పథకమును గూర్చి ప్రసంగింపబోవుట లేదు. మీ గ్రామమున పాఠశాల వెనుకనో, అంగన్‌వాడీ ప్రక్కనో కలుపు క్రింద మునిగిపోయిన కూరగాయల మడులను గూర్చి మాత్రమే మనవి చేయదలచితిమి. అవి ఒకనాడు తోటలు. నేడు మరల తోటలు కాగలవు.

మా వృత్తి ప్రచారము. తోటల ప్రారంభోత్సవములకు మేము అనేక పర్యాయములు పోయితిమి. తోరణములు కట్టిరి, పెద్దలు విత్తనములు చల్లిరి, మేము ఛాయాచిత్రములు తీయించితిమి. కాని రెండవ సంవత్సరము ఆ తోట ఎట్లున్నదో చూచుటకు పోయిన సందర్భములు మిక్కిలి స్వల్పము. ఒక పర్యాయము వేరొక పనిమీద పోయి, ఒక పాఠశాల వెనుకకు వెళ్ళి చూడగా, పది మడులున్న చోట వయ్యారిభామ నడుమెత్తున పెరిగియుండెను. అచట వంట చేయునామె, "అయ్యా, ఆకుకూర సంతనుండి తెచ్చుచున్నాము. పాముల భయముచే పిల్లలను అటు పోనీయము" అని చెప్పెను. ఆ తోట ప్రారంభ దినమున మేమచట ఉంటిమి. తలవంచుకొని తిరిగివచ్చితిమి.

కేంద్ర ప్రభుత్వము 2019లో పాఠశాలలయందు పోషకాహార తోటలను పెంచుటకు మార్గదర్శకములను వెలువరించినది. మార్గదర్శకము దారి చూపును గాని, కలుపు తీయదు. తీయవలసినది మనమే. సభ్యులలో కొందరు వ్యవసాయ మెరుగనివారు. కొందరికి తీరిక లేదు. అట్టివారి కొరకే ఈ మాటలు.

మొదట మా పొరపాటును చెప్పెదము. మా యింటి పెరటిలో వానలు పడిన పిదప, ఒక్క ఆదివారముననే మడులన్నింటిని పారతో తిరుగవేసితిమి. నేల ఎఱ్ఱగా, శుభ్రముగా కనబడినది. ఇరువది దినములు గడచునప్పటికి తుంగ మునుపటికంటె ఒత్తుగా లేచినది. పొరుగున నున్న వృద్ధ రైతు చూచి, "బాబూ, మీరు కలుపు తీయలేదు, నాటినారు" అని నవ్వెను. ఆ మాట యథార్థము. తుంగకు భూమిలో గడ్డలుండును. అవి సన్నని వేళ్ళచే ఒకదానితో నొకటి ముడివడియుండును. పైమొక్కను లాగినచో వేరు తెగి గడ్డ నేలలోనే నిలుచును. తడినేలను పారతో నరకినచో గొలుసు తెగి, నిద్రించుచున్న గడ్డలు మేల్కొనును. గరిక గూడ అట్టిదే. కణుపు మిగిలిన ప్రతి ముక్కయు వేరూనును.

కావున కలుపు నంతను ఒకే విధముగా చూడరాదు. వయ్యారిభామ విత్తనముచే వ్యాపించును. పూనా ప్రాంతమున 1955 ప్రాంతములలో దీనిని గుర్తించిరి. పిదప దేశమంతట వ్యాపించినది. ఒక్కొక్క మొక్క వేలకొలది విత్తనములను రాల్చును. దీనివలన కొందరికి చర్మమున దద్దురులు, ఉబ్బసము కలుగును. కనుక పూవు రాకముందే, నేల తడిగా నున్నపుడు, చేతులకు గుడ్డలో తొడుగులో ధరించి, వేరుతో సహా పెరుకవలెను. పిల్లలచే ఈ పని చేయింపరాదు. తుంగను, గరికను మాత్రము ఎండలో త్రవ్వి తీయవలెను. మరియొక మాట: కలుపు అని పారవేయుటకు ముందు ఊరిలోని పెద్దమ్మలకు చూపుడు. గంగవాయిలి, పొన్నగంటి, తనంత మొలచిన తోటకూర అందులో నుండవచ్చును. అది కలుపు కాదు, కూర.

ఇక పని క్రమము. మడి వెడల్పు నాలుగడుగులకు మించరాదు. అపుడు ఇరుప్రక్కలనుండి చేయి నడుమకు అందును, మడిని త్రొక్కవలసిన పని యుండదు. పొడవు పదియడుగులు చాలును. పది మడులున్నను, మొదట మూడింటినే చేపట్టుడు. తక్కిన యేడింటిపై కలుపును విత్తు కట్టకమునుపే కొడవలితో మొదలంట కోసి, పాత గోనెసంచులు, తాటాకులు, వరిగడ్డి దట్టముగా కప్పివేయుడు. వెలుగు లేనిదే కలుపు బలహీనమగును. కోయుటకు ముందు పొదను పొడవైన కర్రతో కదలించుడు. పాము, తేలు తప్పుకొనును.

వేసవిలో, రోహిణి కార్తెకు ముందుగా, గునపముతో జానెడు లోతు త్రవ్వి, పెళ్ళలను విడగొట్టి, గడ్డలను, గరిక వేళ్ళను చేతితో ఏరి గట్టుపై మండుటెండలో పరచుడు. ఎండినవి చచ్చును. వాటిని, విత్తు కట్టిన కలుపును ఎరువు గుంటలో వేయరాదు. వేసినచో వచ్చే యేడు మనమే వాటిని మోసి తెచ్చి మడులలో చల్లినవారమగుదుము. పచ్చి పేడయందును కలుపు విత్తులుండును గనుక, బాగుగా మాగిన ఎరువునే వాడవలెను.

మృగశిర వానలకు నేలలో మిగిలిన విత్తులు మొలచును. అది చూచి నిరాశ చెందవలదు. అది మనకు అనుకూలము. వారము పది దినములు మొలవనిచ్చి, లేతగా నున్నపుడే ఎండ కాయు దినమున దోకుడుపారతో పైపైన గీకివేయుడు. లోతుగా త్రవ్వినచో క్రింది విత్తులు పైకి వచ్చును. పిదపనే విత్తవలెను.

మొదటి పంటగా నేలను త్వరగా కప్పు వాటిని ఎన్నుకొనుడు. తోటకూర నెల దినములలోపలనే కోతకు వచ్చును. గోంగూర, బచ్చలి కష్టపెట్టవు. అలసంద నేలకు నత్రజనిని గూడ చేకూర్చును. గుమ్మడి తీగ పరచుకొని నేలపై నీడ పరచును. తుంగకు నీడ గిట్టదు. గట్టున ఒక మునగకొమ్మ నాటుడు. సాళ్ళ నడుమ ఎండుగడ్డి పరచినచో తేమ నిలుచును, కలుపు తగ్గును.

తీరిక సంగతి చూతము. దినమునకు అరగంట, వారమునకు ఆరు దినములు. అనగా వారమునకు మూడు గంటలు. పొద్దున్నే వచ్చి, మొదట బాగుచేసిన మడిని చూడవలెను. అందలి మొలకలను బొరిగెతో తీసిన పిదపనే క్రొత్త మడికి పోవలెను. ఈ వరుసను తిప్పినందుననే తోటలు చెడుచున్నవి. క్రొత్త మడిని గెలుచు ఉత్సాహమున పాతమడిని విడిచిపెట్టుదుము. అది మరల కలుపు పాలగును. మూడు మడులు నిలిచిన పిదపనే నాలుగవ దానిపై గోనె తీయుడు. ఏడాదిలో పదియు పూర్తి కాకున్నను నష్టము లేదు. మూడు మడుల ఆకుకూర పది మడుల కలుపుకంటె మేలు.

సభ్య మహాశయులారా! పాఠశాల తోట ఎపుడు చెడునో గమనించితిరా? ఏప్రిల్ చివర సెలవులిత్తురు. జూన్ రెండవ వారమున తలుపులు తెరతురు. సరిగా ఆ దినములలోనే మృగశిర ప్రవేశించి తొలివానలు కురియును. ఉపాధ్యాయులు వచ్చులోపలనే కలుపు వచ్చియుండును. ఆ ఏడు వారముల బాధ్యత పాఠశాలది కాదు, పంచాయతీది. సెలవులకు ముందు మడులను తడిపి, పారదర్శకమైన పలుచని పాలిథిన్ పట్టను నేలకు అంటియుండునట్లు పరచి, అంచులను మట్టితో కప్పి, నాలుగు నుండి ఆరు వారములు ఉంచుడు. ఎండ వేడిమికి పైపొరలోని కలుపు విత్తులు చాల భాగము నశించును. తుంగగడ్డలు మాత్రము దీనితో పూర్తిగా చావవు. వాటిని ఏరక తప్పదు. పట్టను జాగ్రత్తగా మడచి దాచినచో మరల పనికివచ్చును.

మీ తదుపరి సమావేశమున మూడు తీర్మానములు చేయుడని ప్రార్థించుచున్నాము. తోటకు ఒక వార్డు సభ్యుని బాధ్యునిగా పేర్కొనుడు. చేతిపంపు వద్ద వృథాగా పారు నీటిని చిన్న కాలువతో మడులకు మళ్ళించుడు. ప్రతి నెలయు సమావేశ దినమున, ప్రారంభించుటకు ముందు, సభ్యులందరు తోటవరకు నడచి చూచి రండు.

ప్రారంభోత్సవమునకు మమ్ము పిలువనక్కరలేదు. ఇకమీదట రెండవ సంవత్సరము, పిలువకయే వత్తుము. ఆ దినమున మీ పాఠశాల వంటయింట పప్పులో పడిన తోటకూర వెనుక మడిలోనిదేయని వంటచేయు తల్లి చెప్పినచో, ఆ ఛాయాచిత్రమునే ఈ పత్రికయందు ప్రచురించెదము.

జై హింద్.