పునాది కంటే ముందు ఒక కాగితం



ఆర్యపల్లి లాంటి తీరగ్రామాల్లో పడవ వేటకు దిగితే అందులో ఎవరెవరున్నారో ఒడ్డున కొందరికైనా తెలిసి ఉంటుంది. వేళకు రాకపోతే వెతకడానికి అదే ఆధారం. కట్టడం పని విషయంలో చట్టం కోరేది కూడా ఇదే. పని మొదలయ్యేముందే అది ఎక్కడో, ఎవరిదో ప్రభుత్వానికి తెలియాలి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తరువాత గంజాం తీరంలో పక్కా ఇళ్ల నిర్మాణం ఊపందుకుంది. మీ ఇంట్లోనూ తాపీ పనికో, సెంట్రింగ్ పనికో వెళ్లేవారు ఉండవచ్చు. ఈ సంగతి ముఖ్యంగా వారికోసం.

భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. పదిమంది లేదా అంతకుమించి కూలీలున్న పని అయితే, మొదలుపెట్టడానికి కనీసం 30 రోజుల ముందు యజమాని ఇన్‌స్పెక్టరుకు నోటీసు పంపాలని అందులో ఉండేది. పనిచోటు, పని తీరు, వాడే యంత్రాలు, కూలీల సంఖ్య, బాధ్యుడి పేరు, పని ఎన్నాళ్లు సాగుతుందన్నది అందులో రాయాలి. వివరాలు మారితే రెండు రోజుల్లో తెలపాలి. నోటీసు పంపకపోతే మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ అమలులోకి వచ్చింది. చట్టం పేరు మారినా బాధ్యత పోలేదు. పని మొదలుపెట్టినప్పుడూ, ముగించినప్పుడూ యజమాని నోటీసు ఇవ్వాలి. గడువు, ఫారం ప్రభుత్వ నియమాల ప్రకారం ఉంటాయి. పదిమంది కంటే తక్కువ కూలీలున్న పనికీ, 50 లక్షలు దాటని సొంత ఇంటి పనికీ ఇది వర్తించదు. ప్రమాదంలో కూలి చనిపోయినా, దెబ్బతిని 48 గంటలు పనికి రాలేకపోయినా, యజమాని ఆ సంగతీ అధికారికి తెలపాలి.

ఇక్కడ మూడు కాగితాలను కలగలపకండి. పంచాయతీ అనుమతి కట్టడానికి. సంక్షేమ బోర్డు కార్డు కూలికి. 18 నుంచి 60 ఏళ్ల లోపువారు, ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసి ఉంటే దానికి నమోదు చేసుకోవచ్చు. పని మొదలుపెట్టే నోటీసు మాత్రం యజమాని బాధ్యత. మొదటి రెండూ ఉన్నాయని మూడవది మానేయడానికి లేదు.

నోటీసు వల్ల కూలికి ఏమి లాభం? పని ఉన్నదని తెలిస్తేనే ఇన్‌స్పెక్టరు వచ్చి పరంజా బిగువునూ, గోతి అంచునూ, కరెంటు తీగనూ చూడగలడు. గోడ కూలాక వచ్చేవాడు లెక్క రాసుకోగలడు గాని, ప్రాణం తేలేడు. నోటీసు లేనంత మాత్రాన నష్టపరిహారం హక్కు పోదు. కాని అది ఉంటే, “ఈ పని నాది కాదు” అని తప్పించుకోవడం కష్టం.

కనుక విశాఖకు వెళ్లినా, హైదరాబాదుకు వెళ్లినా, పనిలో చేరేరోజే మేస్త్రీని అడగండి: యజమాని ఎవరు? నోటీసు ఇచ్చారా? ఆ పేరు, పనిచోటు ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. అనుమానముంటే లేబర్ ఆఫీసులో విచారించండి. అడగడం తగవు పెట్టుకోవడం కాదు.