రీల్‌లో నేను కట్ చేసిన 4 సెకన్లు

ఈ ఎపిసోడ్‌లో ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

కొన్నాళ్ల కిందట నేనొక రీల్ పెట్టాను. మీలో చాలామంది చూసే ఉంటారు. స్పెయిన్‌లోని మయోర్కా దీవి, కింద నీలంగా మధ్యధరా సముద్రం, కొండ మీద మెలికలు తిరిగే రోడ్డు, దాని మీద సైకిల్‌పై నేను జుయ్యిమని దిగిపోతుంటాను. మొత్తం 30 సెకన్లు. మ్యూజిక్ కూడా భలే కుదిరింది.

తర్వాత పాడేరు వైపు నుంచి ఒక అబ్బాయి మెసేజ్ పెట్టాడు. "అన్నా, మీ వీడియో చూసి మా ఘాట్‌లో అలాగే దిగుదామని ట్రై చేశా. పడిపోయా, కాలర్ బోన్ విరిగింది. మీరు ఎలా దిగారో కొంచెం చెప్పరా?"

కోపంగా రాయలేదు. నేర్పమని అడిగాడు. అదే నన్ను ఎక్కువ గుచ్చింది. ఎందుకంటే ఆ రీల్‌లోంచి నేను 4 సెకన్లు కట్ చేశాను. ఇవాళ ఆ 4 సెకన్ల గురించి చెప్తా.

ముందు రోడ్డు సంగతి. దాని పేరు సా కలోబ్రా. మయోర్కాకు వాయవ్యంగా సెర్రా దె త్రమున్తానా అనే కొండల వరుస ఉంది. 2011లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఆ కొండల మీద కోల్ దెల్స్ రెయిస్ అనే కనుమ, ఎత్తు 682 మీటర్లు. అక్కడి నుంచి దాదాపు తొమ్మిదిన్నర కిలోమీటర్లు దిగితే సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ఆంటోనియో పరియెట్టి అనే ఇంజినీరు 1932లో ఈ రోడ్డు వేయించాడు. ఒక్క సొరంగం కూడా తవ్వలేదు. మొత్తం 26 హెయిర్‌పిన్ మలుపులు. పైభాగంలో ఒకచోట రోడ్డు 270 డిగ్రీలు తిరిగి, తన కింద నుంచి తనే దూరిపోతుంది. దానికి అక్కడివాళ్లు 'టై ముడి' అని పేరు పెట్టుకున్నారు.

ఇంకో విషయం, ఈ రోడ్డు కిందికి వెళ్లి అక్కడితో ఆగిపోతుంది. ముందుకు దారి లేదు. మామూలుగా కొండ ముందు ఎక్కుతాం, దిగడం బహుమతి. ఇక్కడ తిరగబడింది. ముందు దిగుతాం, తర్వాత ఎంత దిగామో అంతా ఎక్కాలి. అప్పు ముందే తీసుకున్నట్టు. తిరుమలలో ఎక్కే ఘాట్ వేరు, దిగే ఘాట్ వేరు కదా? ఇక్కడ అలా కాదు. ఒకటే రోడ్డు. మనం దిగుతుంటే ఎదురుగా టూరిస్టు బస్సులు ఎక్కుతుంటాయి.

సరే, ఆ రోజుకు వద్దాం. అక్కడ సైకిల్ అద్దెకు తీసుకున్నాం. నాతో పాటు ఒక అన్న ఉన్నాడు, మనవాడే, చాలా ఏళ్లుగా స్పెయిన్‌లో ఉంటున్నాడు. బయల్దేరే ముందు అన్నాడు, "తమ్ముడూ, బ్రేకులు ఒకసారి పట్టి చూసుకో. ఇక్కడ కుడిచేతిది వెనక బ్రేకు."

"తెలుసులే అన్నా," అన్నాను.

తెలుసు, నిజమే. కానీ తలకు తెలుసు, చేతికి తెలీదు. పదేళ్లు బైక్ నడిపిన చెయ్యి ఇది. బైక్ మీద కుడిచేతి లివర్ అంటే ముందు బ్రేకు. నా సైకిల్‌కీ అంతే.

పై నుంచి దిగడం మొదలుపెట్టాం. టై ముడి దాటాం. గాలి చల్లగా కొడుతోంది, సముద్రం ఒక మలుపులో కనిపించి ఇంకో మలుపులో మాయమవుతోంది. ఐదారు మలుపులు బాగా కుదిరేసరికి నాకు పొగరెక్కింది. అన్నను దాటేశాను. హ్యాండిల్ మీద కెమెరా నడుస్తోంది కదా.

అప్పుడొక ఎడమ మలుపు. అక్కడ కుడివైపు నడపాలి కాబట్టి నేను మలుపుకు బయటి అంచున ఉన్నాను. పక్కన మోకాలెత్తు రాతి గోడ, దాని తర్వాత లోయ. ఎదురుగా బస్సు ఎక్కుతోంది. అంత పొడుగు బస్సు ఆ మలుపు తిరగాలంటే నా వైపుకు రాక తప్పదు. తప్పు డ్రైవర్‌ది కాదు. వేగం తగ్గించకుండా మలుపులోకి దూరింది నేను.

భయంతో కుడిచేయి గట్టిగా నొక్కేశాను. వెనక చక్రం లాక్ అయ్యింది. దిగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీద పడుతుంది, వెనక చక్రానికి పట్టు తక్కువ. అది కిర్రుమంటూ పక్కకు జారిపోయింది. "అమ్మా" అని అరిచాను. కెమెరాలో స్పష్టంగా వినబడుతుంది. చెయ్యి వదిలేస్తే సైకిల్ నిటారుగా అయింది, రెండు బ్రేకులూ పట్టాను, గోడకు జానెడు దూరంలో ఆగాను.

అదీ ఆ 4 సెకన్లు.

డ్రైవర్ బస్సు ఆపి ఏదో అడిగాడు. నాకు అర్థం కాలేదు, బొటనవేలు చూపించాను. అన్న వచ్చి పక్కన ఆగాడు. తిట్టలేదు. "నీళ్లు తాగు," అన్నాడు అంతే.

మిగతా దిగుడంతా నడక కంటే కాస్త వేగంగా దిగాను. కిందకు చేరాక చేతులు వణుకుతూనే ఉన్నాయి. అక్కడి నుంచి పోర్ట్ దె సోయెర్‌కు పడవలు వెళ్తాయి. ఎక్కేద్దామా అని నిజంగా అనుకున్నాను. అన్న నన్ను బలవంతం చేయలేదు. "నీ ఇష్టం తమ్ముడూ. ఎక్కితే మాత్రం మెల్లగా ఎక్కుదాం," అన్నాడు.

ఎక్కాం. సగటున 7 శాతం వాలు. ప్రొఫెషనల్స్ అరగంట లోపే ఎక్కేస్తారు. నాకు గంటా 4 నిమిషాలు పట్టింది. మొదటి నుంచే చిన్న గేర్, మాట్లాడుకోగలిగేంత వేగం. కింద ఆవేశంగా మొదలుపెట్టినవాళ్లు కొందరు మమ్మల్ని దాటి వెళ్లారు, పైన గోడ మీద కూర్చుని మళ్లీ కనిపించారు.

ఎక్కేటప్పుడే ఆ రోడ్డు నిజంగా చూశాను. దిగేటప్పుడు ఒక్క గులకరాయి కనబడలేదు. ఇప్పుడు మలుపుల అంచున ఇసుక, చిన్న రాళ్లు, నున్నగా అరిగిపోయిన తారు, అన్నీ కనబడుతున్నాయి. ఆ మలుపు వచ్చింది. రోడ్డు మీద నల్లటి గీత, నా టైరుదే. గోడ దగ్గరకు వెళ్లి ఆగిపోయింది. ఇద్దరం చూశాం, ఎవరం ఏమీ అనలేదు.

హోటల్‌కు వచ్చి రీల్ ఎడిట్ చేశాను. ఆ ముక్క తీసేశాను. వీడియో బాగుండాలని అనుకున్నాను. అసలు సంగతి, సిగ్గేసింది.

ఇప్పుడు తమ్ముడూ, నువ్వు అడిగినదానికి జవాబు.

కొత్త సైకిల్ ఎక్కితే ముందు చదునైన చోట పది నిమిషాలు బ్రేకులు పట్టి చూడు. ఏ చెయ్యి ఏ చక్రమో చేతికి అలవాటవ్వాలి. మలుపులోకి వెళ్లాక కాదు, వెళ్లకముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకో. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా బిగించు. ఏ ఒక్కటీ గట్టిగా నొక్కేయకు. ముందుది ఒక్కసారిగా బిగిస్తే తలకిందులవుతావు, వెనకది బిగిస్తే నాలా జారతావు. దారంతా బ్రేకు పట్టుకునే ఉండకు, వేడెక్కుతుంది. పట్టు, వదులు, మళ్లీ పట్టు. చూపు గోడ మీదో బస్సు మీదో కాదు, నువ్వు వెళ్లాల్సిన దారి మీద ఉండాలి. మలుపు అవతల కనబడకపోతే అక్కడ బస్సు ఉందనే అనుకో. నీ ఘాట్‌లో అయితే లారీ ఉందనుకో. ఇంకోటి, తెలియని దారిని వీలైతే ముందు ఎక్కి చూడు. ఎక్కేటప్పుడు రోడ్డు తన గుట్టంతా చెప్తుంది.

ఆ పాత రీల్ తీసేశాను. ఈ ఎపిసోడ్ చివర పూర్తి వీడియో ఉంది, కిర్రుమన్న శబ్దంతో, నా అరుపుతో సహా. చూసి నవ్వుకోండి, పర్లేదు. కానీ ఎవరైనా కొండ దిగే వీడియో చూసి వావ్ అనిపిస్తే, ఇందులో కట్ చేసింది ఏముందో అని ఒక్కసారి అనుకోండి.

తమ్ముడూ, ఎముక పూర్తిగా అతుక్కున్నాక, డాక్టర్ సరేనన్నాకే సైకిల్ ఎక్కు. విశాఖ వైపు వచ్చినప్పుడు చెప్తాను. మీ ఘాట్ కలిసి ఎక్కుదాం. దిగేటప్పుడు నువ్వే ముందు, నేను నీ వెనక మెల్లగా వస్తా.

ఉంటాను మరి. జాగ్రత్త.