కెమెరా చౌకైంది, కత్తెర ఎవరిది?

(యువజన శిక్షణా తరగతుల్లో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం పాఠం)



నన్ను సినిమా గురించి మాట్లాడమన్నారు. ఉద్యమ తరగతుల్లో సినిమా గోలేంటని కొందరు పెద్దలకు అనిపించొచ్చు. కారణం ఉంది. నాలుగు గూడేల కుర్రాళ్ళు చందాలేసి ఒక కెమెరా కొందామంటున్నారు. శ్మశానం దారి కోసం మనం చేస్తున్న పోరాటాన్ని సినిమా తీస్తామంటున్నారు. మంచిదే. అయితే ఆ చందా కూలి డబ్బు. దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో తేల్చుకునే ముందు సినిమా ఎట్లా తయారవుతుందో, అందులో ఏది మారిందో, ఏది మారలేదో తెలుసుకోవాలి. నేను సినిమావాణ్ణి కాను, బడిపంతుల్ని. కాబట్టి పాఠం లాగే చెబుతాను.

ముందు పాత పద్ధతి. ఫిలిం అంటే 35 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ. దాని మీద వెండి లవణాల పూత. సెకనుకు 24 బొమ్మలు పడాలి. అడుగుకు 16 బొమ్మలు. లెక్క కట్టండి, నిమిషానికి 90 అడుగులు. రెండున్నర గంటల సినిమాకి 13,500 అడుగులు. ఇది మనం తెర మీద చూసింది మాత్రమే. తీసేటప్పుడు దీనికి కొన్ని రెట్లు ఖర్చవుతుంది. నటుడు మాట తడబడినా, మబ్బు అడ్డమొచ్చినా ఆ ముక్క పోయినట్టే. ఒకసారి వెలుగు తగిలిన ఫిలిం మళ్ళీ వాడటానికి పనికిరాదు. మద్రాసు ల్యాబులో కడిగించి, ప్రింటు వేయించి చూసుకోవాలి.

దీని అర్థమేంటి? తప్పు చేసి నేర్చుకునే అవకాశం డబ్బున్నోడికే ఉండేది. మనోళ్ళు సినిమాల్లో లేరా అంటే ఉన్నారు. లైట్లు మోశారు, ట్రాలీ తోశారు, సెట్టుకి మేకులు కొట్టారు. కెమెరాలో కన్ను పెట్టి చూసే వంతు మాత్రం రాలేదు. 1938లో 'మాలపిల్ల' వచ్చింది. కథ చలం గారిది, దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం గారు. అంటరానితనం మీద ఆ రోజుల్లో అలాంటి సినిమా తీయడం చిన్న విషయం కాదు, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ సినిమా తీసిన సారథి సంస్థ వెనకున్నది చల్లపల్లి జమీందారు. మన బాధ తెర మీదకి రావాలన్నా జమీందారు డబ్బు కావాల్సిన కాలం అది.

ఆ ఫిలిం కూడా అందరి ముఖాన్నీ ఒకేలా చూసేది కాదు. అమెరికాలో కొడాక్ కంపెనీ, రంగులు సరిచూసుకోమని ల్యాబులకి ఒక నమూనా ఫొటో పంపేది. అందులో ఉన్నది తెల్లమ్మాయి. దాన్ని షర్లీ కార్డు అనేవాళ్ళు. ఆ అమ్మాయి చర్మం బాగా వస్తే రంగు కుదిరినట్టు లెక్క. నల్లటి ముఖం మీద ముక్కూ కన్నూ తీరు పోయి ముద్దలాగ పడేది. మా చాకొలెట్ల రంగు, మా చెక్కసామాన్ల రంగు సరిగ్గా రావడం లేదని వ్యాపారులు ఫిర్యాదు చేశాక ఫిలిం మెరుగైందని ఆ కంపెనీలో పనిచేసినాయనే చెప్పాడు. నల్లమనిషి కోసం కాదండీ, చాకొలెట్ కోసం! యంత్రానికి కులం లేదు, రంగు లేదు అంటారు. యంత్రాన్ని చేసినోడికి ఉంటుంది కదా.

ఇక తెర మీదకి వచ్చిన ముఖాన్ని బతకనిచ్చారా? మలయాళంలో మొదటి మూకీ సినిమా 'విగతకుమారన్'. జె.సి. డేనియల్ తీశాడు. పి.కె. రోజీ అనే దళిత స్త్రీ అందులో నాయర్ స్త్రీ వేషం వేసింది. మా ఇంటి ఆడదాని వేషం ఈమె వేయడమేంటని అగ్రకులాలు మండిపడ్డాయి. ఆమె ఊరు విడిచి పోవాల్సొచ్చింది. ఆ సినిమా ఇవాళ చూద్దామన్నా లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సినిమా కెమెరాలో తయారవదు. కోత దగ్గర తయారవుతుంది. దాన్నే ఎడిటింగ్ అంటారు. నూరేళ్ళ కిందట రష్యాలో కులెషోవ్ అనే ఆయన ఒక పరీక్ష చేశాడు. ఒక నటుడి ముఖం తీసుకున్నాడు. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక అతికించి చూపించాడు. ముఖం అదే. జనం మాత్రం ఒకసారి ఆకలి చూశారు, ఇంకోసారి దుఃఖం చూశారు.

దీన్ని మన ఊరికి తెచ్చుకుందాం. మన గూడెం మనిషి ముఖం తీశారనుకోండి. తర్వాతి ముక్క ఖాళీ అన్నం గిన్నె అయితే ఆయన ఆకలితో ఉన్నాడు. తర్వాతి ముక్క పెద్దింటి వాకిట పగిలిన తాళమైతే ఆయన దొంగ. ముఖం మారలేదు, మనిషి మారలేదు. మార్చింది కత్తెర. ఇన్నేళ్ళుగా మన ముఖం పక్కన ఏ ముక్క అతికిస్తూ వచ్చారో ఆలోచించండి.

అదే కత్తెర మన చేతికి వస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2013లో నాగరాజ్ మంజులే మరాఠీలో 'ఫాండ్రీ' తీశాడు. పందులు పట్టే కైకాడి కుటుంబం కథ. పిల్లోడు జబ్యా వేషం వేసిన సోమనాథ్ అవఘడే సినిమా నటుడు కాదు, మామూలు ఊరి కుర్రాడు. ఇంటిల్లిపాదీ పంది వెనక పరిగెత్తుతుంటే ఊరు చుట్టూ చేరి నవ్వుతుంది. ఇంకొకరు తీస్తే అది కామెడీ సీను అయ్యేది. ఆఖర్న జబ్యా ఒక రాయి తీసుకుని నేరుగా కెమెరా మీదకే విసురుతాడు. అక్కడితో సినిమా ఆపేశారు. నవ్వేవాళ్ళ వైపు కూర్చున్నామా, రాయి పట్టుకున్నోడి వైపు నిలబడ్డామా అని మనమే తేల్చుకోవాలి. ఎక్కడ కొయ్యాలో తెలిసినోడి పని అది.

మారిందేంటి? ఫిలిం పోయింది. 2012లో కొడాక్ దివాలా పిటిషన్ వేసింది. 2013లో ఫ్యూజీ సినిమా ఫిలిం తయారీ ఆపేసింది. ఇప్పుడు బొమ్మ అంకెలుగా మారి చిన్న కార్డు మీద పడుతుంది. నచ్చకపోతే చెరిపి మళ్ళీ తీయొచ్చు. ల్యాబు లేదు, అడుగుల లెక్క లేదు. వీడియో వచ్చినప్పుడే ఈ మార్పు మొదలైంది. 1997 జులై 11న ముంబై ఘాట్కోపర్ రమాబాయి కాలనీలో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేస్తే జనం రోడ్డు మీదకొచ్చారు. పోలీసులు కాల్చి పదిమందిని చంపారు. కొన్నాళ్ళకే గాయకుడు విలాస్ ఘోగ్రే ప్రాణం తీసుకున్నాడు. ఆనంద్ పట్వర్ధన్ ఆ కథ వెంట 14 ఏళ్ళు కెమెరా పట్టుకుని తిరిగి 2011లో 'జై భీమ్ కామ్రేడ్' పూర్తి చేశాడు. అడుగుల లెక్కన ఫిలిం కొనుక్కుంటూ 14 ఏళ్ళు తిరగడం ఎవరి తరమవుతుంది?

మరి మారనిదేంటి? చూపించే చోటు. వెనకట విజయవాడ గాంధీనగర్ నుంచి పెట్టె రావాలి, అప్పుడే టాకీసులో ఆట. పెట్టె రాకపోతే నేల టిక్కెట్టోళ్ళం గోల చేసేవాళ్ళం. ఇప్పుడు పెట్టె లేదు. సినిమా ఉపగ్రహం మీదో హార్డ్ డిస్కులోనో హాలుకి వస్తుంది. దానికి కంప్యూటర్ తాళం ఉంటుంది. ఏ హాల్లో, ఏ తేదీ వరకు ఆడాలో ఆ తాళంచెవిలోనే రాసి పంపుతారు. ఆ ఏర్పాటు నడిపే కంపెనీలు నిర్మాతల దగ్గర రుసుము తీసుకుంటాయి. ఆ రుసుము మోయలేకపోతున్నామని 2018 మార్చిలో మన రెండు తెలుగు రాష్ట్రాల నిర్మాతలే హాళ్ళకి సినిమాలివ్వకుండా ఆపారు. కోట్లున్నోళ్ళకే బరువైతే మన చందా సినిమాకి ఆ గేటు తెరుచుకుంటుందా?

కాబట్టి తమ్ముళ్ళారా, నా మాట ఇది. ఆ చందాతో కెమెరా కొనొద్దు. మీ జేబులో ఉన్న ఫోను చాలు. డబ్బు నాలుగు పనులకి పెట్టండి.

ఒకటి, మైకు. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట వినపడకపోతే లేచిపోతారు. పాత సినిమాల్లో మాటలు తర్వాత స్టూడియోలో పెట్టేవాళ్ళు. ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. మన యాసని పనోడికీ, నవ్వించేవాడికీ అంటగట్టారు. శ్మశానం దారి గురించి మన ముసలమ్మ మాట్లాడితే ఆమె గొంతులో, ఆమె మాటలోనే వినపడాలి. దగ్గర్లో పెట్టే మంచి మైకు కావాలి.

రెండు, కోత నేర్చుకోవడం. ఒక మామూలు కంప్యూటర్ చూడండి. డావిన్చీ రిజాల్వ్, కెడెన్‌లైవ్ లాంటివి డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. ప్రతి జట్టులో కోత దగ్గర ఒక చెల్లెలు కూర్చోవాలి. రోజీని తెర మీద నుంచి వెళ్ళగొట్టారు, మనం మన ఆడపిల్లల్ని తెర వెనక నుంచి కూడా వెళ్ళగొట్టొద్దు.

మూడు, దాచుకోవడం. కోత బలం తెలిసినోడికి కోయకూడనిదేదో కూడా తెలియాలి. దాడి జరిగినప్పుడు తీసిన వీడియో సినిమా కాదు, సాక్ష్యం. దాన్ని కత్తిరించొద్దు, పాట పెట్టొద్దు. తీసిన ఫోను, అసలు ఫైలు రెండూ భద్రంగా ఉంచి, కాపీలు వేరే రెండు చోట్ల పెట్టండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం కోర్టులో దానికి ధృవపత్రం కూడా ఇవ్వాలి, వకీలుతో మాట్లాడండి. ఇప్పుడు కంప్యూటరే దొంగ ముఖాలు, దొంగ గొంతులు తయారుచేస్తోంది. అసలు ఫైలు లేకపోతే మనదే అబద్ధమంటారు.

నాలుగు, తెర. ఒక ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు, ఒక తెల్లగుడ్డ. సినిమా బహిరంగంగా ఆడించాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్ అడుగుతారు, ఆ దరఖాస్తు పని ముందే మొదలుపెట్టండి. ఫోన్లో ఎవరికి వారు చూస్తే అయ్యో అని పక్కకి తోసేస్తారు. గూడెం మధ్యలో అందరూ కూర్చుని చూస్తే లేచి మాట్లాడతారు. మనకి కావాల్సింది ఆ మాట.

ఇంకో సంగతి. తీసిన సినిమా ముందు ఆ శవాన్ని గట్ల మీద నుంచి మోసినోళ్ళకి చూపించండి. ఇట్లా జరగలేదురా, ఇది తీసెయ్ అని వాళ్ళంటే తీసెయ్యండి. కత్తెర మన చేతికి వచ్చిందంటే అర్థం అదీ.

వచ్చే తరగతికి ఒక్కొక్క జట్టు మూడు నిమిషాల ముక్క కోసి తీసుకురండి. బాగా లేకపోయినా తీసుకురండి. తప్పు చేసి నేర్చుకునే వంతు ఇప్పటికి మనకి వచ్చింది.

జై భీమ్.