వంశవృక్షంలో ఖాళీలు

వేదిక మీది పెద్దలందరికీ కలిపి ఒకే దండం పెట్టేసి, ముఖ్య అతిథి తిరువూరు పట్టభద్రుల వైపు తిరిగారు. ఆవిడ రిటైరైన చరిత్ర అధ్యాపకురాలు. మొదటి మాటే చీవాటు: "సంస్కర్తల మీద మీరు రాసిన ప్రాజెక్టులన్నీ ఒకదానికొకటి జిరాక్సులే. ఆ ఇళ్లలో ఇంకెవరూ బతకలేదా నాయనా?"

ఉద్యోగకాలమంతా ఈ దిగులు తనను వదల్లేదన్నారు. నాస్తిక సంస్కర్త గోరా పాఠం రాగానే పిల్లలు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం, 1947లో విజయవాడకు మార్పు అని గడగడా అప్పజెప్పేవారట. ఆయన అల్లుడి పేరు అడిగితే మాత్రం అందరూ బల్లల కేసి చూసేవారట.

ఆ అల్లుడు దళిత యువకుడు అర్జునరావు. గోరా కుమార్తె మనోరమతో ఆయన పెళ్లిని సేవాగ్రాంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. నాస్తికుల ఇంటి పెళ్లి కనుక దేవుడి పేరు బదులు సత్యం పేరు మీద జరిపిద్దామన్నారు. 1948 జనవరి 30న గాంధీ హత్యకు గురయ్యారు. పెళ్లి మార్చిలో అదే ఆశ్రమంలో జరిగింది.

"ఈ కథలో గాంధీ గుర్తుంటారు, గోరా గుర్తుంటారు. పెళ్లికొడుకే గుర్తుండడు!" సభ నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

1960లో గోరా కుమారుడు లవణం మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడారు. ఆమెను పరిచయం చేసేవాళ్లు మామగారినీ కన్నతండ్రినీ పొగిడి కూర్చుంటారని వక్త ఉడుక్కున్నారు. స్టూవర్టుపురంలో నేరస్థ జాతులన్న ముద్ర మోసిన కుటుంబాల మధ్య, నిజామాబాద్ జిల్లాలో దేవుడి పేరిట అంకితమిచ్చిన జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసింది హేమలతే. 1988 నాటి దేవదాసీ నిషేధ చట్టం కోసం గట్టిగా పట్టుబట్టిన వారిలో ఆమె ఒకరు.

అక్కణ్ణుంచి ప్రసంగం ఇలాగే మనుషులు మరుగునపడ్డ ఒక అమెరికా కుటుంబానికి మళ్లింది. బానిసత్వంపై పోరాడిన ఆంజెలీనా గ్రిమ్కే 1868లో ఒక పత్రికలో తన ఇంటిపేరే ఉన్న నల్లజాతి విద్యార్థి గురించి చదివి అతనికి ఉత్తరం రాశారు. తీరా చూస్తే అతను సొంత మేనల్లుడు ఆర్చిబాల్డ్. ఆమె అన్న హెన్రీకీ, అతని బానిసత్వంలో ఉన్న నాన్సీ వెస్టన్‌కూ పుట్టినవాడు. మేనత్త అతణ్ణీ తమ్ముడు ఫ్రాన్సిస్‌నూ కాదనకుండా చదువుకు సాయపడింది. ఆర్చిబాల్డ్ 1874లో హార్వర్డ్‌లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నాడు. "మేనత్తను మెచ్చుకోండి, వద్దనను. కానీ ఆ పిల్లల్ని కని, కష్టపడి పెంచిన నాన్సీని ఎందుకు వదిలేస్తారు?"

అక్కడ చుట్టరికాన్నే దాచారు, ఇక్కడ పెళ్లిళ్లు పదిమందిలో జరిగినా మనుషుల్ని మరిచారు అని తేడా చెప్పి, గడియారం చూసుకున్నారు.

"సెల్ఫీలు అయ్యాక ఇంటికెళ్లి అమ్మమ్మ పక్కన కూర్చోండి. మన ఇంట్లో పెళ్లికి పిలవని చుట్టం ఎవరు, ఫొటోలో నిలబడనివ్వనిది ఎవరిని అని అడగండి. తిడితే తిట్టించుకోండి. ఆ పేర్లు ఊళ్లతో సహా రాసిపెట్టండి."