బాగుందంటే చాలదబ్బా!

తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ, అందులో వ్యాసరచన తరగతి అనుకుందాం. ఒక ఆల్బమ్ విని రెండు పేజీల రివ్యూ రాసుకు రమ్మన్నారు. మేడమ్ చేతికి ఇచ్చేముందు పక్క బెంచీవాళ్లతో కాగితాలు మార్చుకోవాలి. ఒకరి రాత ఒకరు చదివి, అంచుల్లో పెన్సిల్‌తో ప్రశ్నలు రాయాలి. ‘బాగుంది’ అన్న మాట ఆ రోజుకు నిషిద్ధం.

ఆల్బమ్ ఎమ్మెస్ సుబ్బులక్ష్మి ‘బాలాజీ పంచరత్నమాల’. పూర్ణకుంభం సర్కిల్‌లో ఆమె విగ్రహం ముందునుంచి పోయే పిల్లలకు ఇంతకన్నా దగ్గరిది ఏముంటుంది? పి.వి.ఆర్.కె. ప్రసాద్ కార్యనిర్వహణాధికారిగా ఉన్న కాలంలో, 1980 ప్రాంతంలో, తిరుమల తిరుపతి దేవస్థానం పూనుకొని చేయించిన ఐదు ఎల్‌పీ రికార్డులు ఇవి. స్తోత్రాలూ అన్నమయ్య కీర్తనలూ కలిసి ఉంటాయి.

ఒక కుర్రాడు రాశాడనుకోండి: ‘ఐదు వందల ఏళ్ల నాటి బాణీలు చెక్కుచెదరకుండా వినిపించాయి’ అని. అంచులో పెన్సిల్ గీత: ‘ఆ బాణీ నువ్వు యాడ వినింటివప్పా?’

వెటకారంగా ఉన్నా మంచి ప్రశ్న. అన్నమయ్య 1503లో కన్నుమూశారు. తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. తరవాతివాళ్లే బాణీలు కట్టాల్సి వచ్చింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఎన్నో కీర్తనలకు స్వరరచన చేశారు. ‘నానాటి బదుకు’ను రేవతి రాగంలో కూర్చింది నేదునూరి కృష్ణమూర్తి. మాట ఒకరిది, బాణీ ఇంకొకరిది, గొంతు మరొకరిది. పొగడ్త ఎవరి ఖాతాలో వేయాలో తేలాకే రివ్యూ మొదలు.

ఇంకొక కాగితం మీద ఫిర్యాదు: ‘పాటలు మరీ పొట్టివి, ఆలాపన చాల్లేదు.’ ఎల్‌పీకి ఒక్కో వైపు పట్టేది ఇరవై నిమిషాల పైచిలుకు. కచేరీలో ఒక్క కృతికే అంత సమయం పట్టొచ్చు. ఆ సంగతి తెలిశాక కూడా ఫిర్యాదు నిలబడితే నిలబడనీయండి. తిరుపతిలో చిక్కల్లా ఫిర్యాదులతో కాదు, అవి రాకపోవడంతోనే: స్వామివారి పాట, అందులోనూ ఎమ్మెస్, వంక పెడితే కళ్లు పోతాయేమోనన్న జంకు! భక్తికి దండం పెట్టొచ్చు గానీ, మార్కులు మాత్రం చెవికే వేయాలి.

ఇక అందరూ రాసే వాక్యం: ‘మనసును హత్తుకుంది.’ దాని పక్కన ‘యాడ?’ అని ఒక్క మాట రాస్తే చాలు, రాసిన పిల్ల మళ్లీ పాట దగ్గరికి పోవాల్సిందే. వింటున్న మీరు కూడా ఇంట్లో ‘నానాటి బదుకు’ పెట్టి చూడండి. రేవతిలో ఉన్నవి ఐదే స్వరాలు. గాంధారం, ధైవతం ఉండవు. అందుకే కాబోలు వేదం చదువుతున్న ఛాయ తగులుతుంది. మొదటిసారి మాటలు వినండి. రెండోసారి మాటలు వదిలేసి, చరణం అయ్యాక గొంతు పల్లవికి ఎలా దిగివస్తుందో గమనించండి.

ఆ పిల్ల ‘హత్తుకుంది’ కొట్టేసి, పల్లవికి తిరిగివచ్చే చోటు గురించి నాలుగు వాక్యాలు రాసుకొస్తుంది. పక్క బెంచీ స్నేహితురాలు చదివి, ‘ఏం మే, ఇది నాకు వినబళ్లేదే’ అంటూ ఆమె ఇయర్‌ఫోన్ లాక్కుంటుంది.